స్పూన్‌లో పడిన మనిషి

ఆ గోడ తనదని ఆమె అనుకుంది. ఫ్లాష్‌గారు దాన్ని కెమెరాకి ఇచ్చేశాడు.

ఫ్లాష్‌గారంటే ఆమె మొగుడే. చిటుక్కున వెలిగి చిటుక్కున ఆరిపోయే కోపమని కింద షాపుల వాళ్లు పెట్టిన పేరు. ఆరిపోతుందని వాళ్లకెవరు చెప్పారో. ఇంట్లో ఎప్పుడూ ఆరిన పాపాన పోలేదు. మేడమీద హాల్లో స్టూడియో పెట్టి హోటళ్లకీ కంపెనీలకీ తిండి ఫొటోలు తీస్తాడు. ఆ ఫొటోల్లో గిన్నెలో కనిపించేదంతా ఆమె చేతి పని. వండేది ఆమె, అమర్చేది ఆమె, అయ్యాక కడిగేదీ ఆమె. జీతం మాటెత్తితే, "మనిద్దరిదీ ఒకటే జేబు కదే" అంటాడు. ఆ జేబు మాత్రం ఎప్పుడూ ఆయన ప్యాంటుకే ఉంటుంది.

పని చేయడం గురించి కాదు ఆమె ఏడుపు. కడగడం గురించి. హాల్లో కుళాయి లేదు. ఉన్న ఒక్క కుళాయీ వెనక బాత్‌రూమ్‌లో, మోకాలెత్తులో ఉంటుంది. అక్కడ పీట వేసుకుని, వెనక కమోడ్, ముందు తొట్టి పెట్టుకుని తోముతుంది. జనం ఫొటో చూసి నోరూరించుకునే గిన్నెలన్నీ అక్కడ స్నానం చేసి వచ్చినవే. కాలి వేళ్ల సందులు ఒరిసిపోయాయి. అదీ పోనీ. క్లయింట్ ఎవరైనా వచ్చి తలుపు కొడితే సబ్బు నురగతో గిన్నెలన్నీ తొట్టిలో వేసుకుని, తడిసిన చీరతో బయటికొచ్చి గోడ పక్కన నిలబడాలి. లోపలికెళ్లిన పెద్దమనిషి తీరిగ్గా పని కానిచ్చి, ఆమె ముఖంలోకి చూడకుండా వెళ్లిపోతాడు. ఆమె మళ్లీ లోపలికెళ్లి, ముక్కు మూసుకుని, పీట మీద కూర్చుంటుంది. ఇదీ ఆవిడ ఆఫీసు.

అందుకే సింక్ అడిగింది. నగ అడగలేదు, చీర అడగలేదు. నిలబడి కడుక్కునేందుకు హాలు మూలన ఒక సింక్, దానికో కుళాయి. సరేనన్నాడు. ప్లంబర్ని పిలిపించాడు కూడా. అతను గోడ మీద సుద్దముక్కతో సింక్ ఎంత ఎత్తున రావాలో గీత గీశాడు. ఆమెని నిలబెట్టి, మోచేయి ఎక్కడికొస్తుందో చూసి మరీ గీశాడు. ఆమె ఎత్తు ఎంతో తెలుసుకోవాలనుకున్న మొదటి మగాడు అతనే. "ఈ హోటల్ డబ్బు రానీ" అన్నాడు ఫ్లాష్‌గారు. హోటల్ డబ్బు వచ్చింది. "ఆ బిస్కెట్ల వాళ్లది రానీ" అన్నాడు. అదీ వచ్చింది. ఆమె రోజూ చీపురు పట్టినప్పుడు ఆ గీత చెరగకుండా గోడ తుడిచేది.

ఆ డబ్బుతో కెమెరా వచ్చింది.

పాతది బాగానే ఉంది. కానీ ఊళ్లో ఇంకో స్టూడియోవాడు పెద్దది కొన్నాట్ట. ఇది ఉప్పు రవ్వని కూడా విడివిడిగా చూపిస్తుందట. పెట్టె విప్పుతూ, ముట్టుకోబోయిన ఆమెని ఆపి, "చేతులు కడుక్కున్నావా?" అన్నాడు. ఎక్కడ కడుక్కోమంటావు అని నోటిదాకా వచ్చి ఆగింది. మర్నాడు ఇంకో పెట్టె దిగింది. కెమెరాకి చెమ్మ తగలకుండా దాచుకునే గాజు బీరువా. దాన్ని నలుగురు కలిసి మోసుకొచ్చి సుద్ద గీత ఉన్న గోడకే ఆనించారు. చెమ్మ తగిలితే కెమెరాకి బూజు పడుతుందట. ఆమె తన కాళ్ల వంక చూసుకుంది.

అత్తగారికి చెప్పుకుంటే ఆవిడ నవ్వింది. "లైట్ల కింద వాడు మాడిపోతుంటే, చల్లగా నీళ్లలో కూర్చునేదానివి, నీకేమొచ్చిందమ్మా కష్టం?" అంది. ఆ మాట మూడు పూటలా అన్నంతో పాటు మింగింది ఆమె. అరగలేదు.

కొత్త కెమెరాకి మొదటి బేరం సూప్ ప్యాకెట్ల కంపెనీది. నచ్చితే ఏడాది పొడుగునా వాళ్ల ఫొటోలన్నీ ఈ స్టూడియోవే. కంపెనీ నుంచి మేనేజరమ్మ వచ్చి, పెద్ద తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు ఉత్తుత్తి గిన్నె పెట్టి లైట్లు సరిచేసుకుంటాడాయన. అంతా కుదిరాక ఆమె అసలు గిన్నె తెచ్చి పెడుతుంది. సూప్‌లో కూరముక్కలు మునిగిపోతాయి కాబట్టి అడుగున గాజు గోళీలు పోసి, వాటి మీద ముక్కలు నిలబెడుతుంది. ఆకుల మీద కుంచెతో గ్లిజరిన్ చుక్కలు పెడుతుంది. తెట్టు కట్టబోతే టిష్యూ అంచుతో అద్ది తీసేస్తుంది. వేడినీళ్లలో ముంచిన దూది గిన్నె వెనక దాచి, ఆవిరి లేపుతుంది. ఇవేవీ ఆయన చెప్పి చేయించినవి కావు. ఆయనకి సగం తెలియవు కూడా. ఆ నిగనిగ అంతా లైటు వల్లే వస్తోందని ఇన్నేళ్లూ నమ్మాడు. ఇప్పుడు కెమెరా వల్ల అంటున్నాడు.

మొదటి ఫొటో అదిరింది. మేనేజరమ్మ తెర దగ్గరికి జరిగి, "ఇంకా దగ్గరికి చూపించండి" అంది. ఆయన పొంగిపోయి పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. ఆకు ఈనె కనిపించింది. చుక్కలో చుక్క కనిపించింది. పక్కనున్న స్టీలు స్పూన్ తెరంతా నిండింది. ఆ స్పూన్ గుంటలో ఒక మనిషి ఉంది. బల్ల పక్కన గొంతుక్కూర్చుని, ఒక చేత్తో వెలుగు కోసం తెల్లటి థర్మాకోల్ అట్ట ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో దూది పట్టుకుని, నోట్లో కుంచె కరుచుకుని, కొంగు నడుముకి చుట్టి ఉంది. పాత కెమెరాలో అయితే అదొక మసక. ఇందులో నుదుటి మీద చెమట కూడా తెలుస్తోంది.

"ఎవరీవిడ?" అంది మేనేజరమ్మ.

"ఎవరూ కాదు మేడమ్. చెరిపేస్తా."

మూడడుగుల దూరంలో, కుంచె ఇంకా పంటి కిందే ఉంది ఆమెకి. మేనేజరమ్మ ఒకసారి ఆమె వైపు చూసింది. తర్వాత తెర వైపు చూసి, సరే చెరిపేయండి అంది. తిట్టు తిన్నప్పుడు ఒళ్లు మండుతుంది, దానికి ఆమె అలవాటు పడింది. ఇది మండలేదు. తిట్టాలంటే ఎదురుగా మనిషి ఉండాలి కదా. పెళ్లయిన రోజు నుంచి చేసిన చాకిరీ అంతా కళ్ల ముందు తిరిగింది, అందులో తను ఎక్కడుందో వెతుక్కుంది. ఉంది, స్పూన్‌లో. లోకం మొత్తంలో తనని ఉన్నదున్నట్టు చూసింది, తన సింక్ తినేసిన ఆ దిక్కుమాలిన కెమెరా ఒక్కటే. దానికున్న పాటి కళ్లు ఈయనకి లేవు.

"రెండో రకం సూప్ తే. గిన్నె పెట్టి అవతలికి పో. మళ్లీ స్పూన్‌లో పడతావ్. మిగతాది కెమెరా చూసుకుంటుంది" అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె పొయ్యి దగ్గరికెళ్లింది. గోళీలు గుప్పిట్లోకి తీసుకుంది. చల్లగా, బరువుగా ఉన్నాయి. వాటిని కొంగున ముడేసుకుంది. సూప్ గిన్నెలో పోసింది, ఇంట్లో పోసినట్టే. తీసుకెళ్లి పెట్టింది. చెప్పిన మాట విని, అవతలికి పోయింది.

బాత్‌రూమ్‌లో తలుపేసుకుని, పీట మీద కూర్చుని, బకెట్ బోర్లించి దాని మీద కాళ్లు పెట్టుకుంది. పొడి కాళ్లతో ఆ గదిలో ఎప్పుడూ కూర్చోలేదు. తొట్టిలో గిన్నెలు అలాగే ఉన్నాయి, ముట్టుకోలేదు. హాల్లోంచి మాటలు వినిపిస్తున్నాయి. ముక్కలేవి అంటోంది మేనేజరమ్మ. లైటు మార్చాలంటున్నాడాయన. మార్చేలోపు తెట్టు కట్టినట్టుంది, ఈ ముడతలేంటి అని అడుగుతోంది. అంత డబ్బు పోసి కొన్న కెమెరా, ఒక్క ముడత కూడా వదిలిపెట్టి ఉండదు. మొదటి దాంట్లో వచ్చింది ఇప్పుడెందుకు రావట్లేదంటే, మళ్లీ లైటే జరుపుతున్నాడాయన.

చివరికి వచ్చాడు. తలుపు సందులోంచి గుసగుసగా బతిమాలాడు, మధ్యలో తిట్టాడు, మళ్లీ బతిమాలాడు.

"నేనొస్తే స్పూన్‌లో పడతాను" అంది.

"వేషాలెయ్యకు. ఈ బేరం చెయ్యి జారితే ఇరవై రెండు లక్షలు పోతాయి. తెలుస్తోందా నీకు?"

"ప్లంబరు చెప్పింది పద్నాలుగు వేలు."

అవతల్నుంచి తలుపు ఒకసారి ఊగింది. బయటికి ఈడ్చుకుపోదామంటే గొళ్లెం లోపలుంది. గట్టిగా పిలుద్దామంటే, ఎవరూ కాదని చెప్పిన మనిషిని ఏమని పిలుస్తాడు? అడుగులు వెనక్కి వెళ్లిపోయాయి. హాల్లో కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత చెప్పుల చప్పుడు ఇటే వచ్చింది. మేనేజరమ్మే.

తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. అలవాటు కొద్దీ ఆమె చేయి తొట్టి మీదికి పోయింది. పోయిన చేతిని వెనక్కి తీసుకుని, ఒళ్లో పెట్టుకుంది. కొంగున గోళీలు గలగలలాడాయి.

"లోపల మనిషుంది" అంది, హాలంతా వినపడేట్టు.