పూర్తిగా మోగిన ఫోను

బీరువా మోసేవాడి ముఖం బీరువాకే అంటుకుని ఉంటుంది. ఈ సంగతి తెలియని వాళ్ళు మెట్ల మీద నిలబడి, కాస్త చూసి నడవవయ్యా అని నాకు సలహాలు ఇస్తుంటారు. ఏం చూడను, నా తలకాయ? ఎడమ చెంపకి ఇనుము, గడ్డానికి ఇనుము, కళ్ళ ముందు ఇనుము. అందుకే మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. పైవాళ్ళది మాట, కిందివాళ్ళది మోత. పైన పట్టుకున్న మనిషి మెడ తిప్పి మెట్లు చూసుకోగలదు కాబట్టి మెట్టు వచ్చిందనీ, మలుపు వచ్చిందనీ ఆ మనిషే చెప్పాలి. కింద బరువు మోసేవాడు నోరెత్తకూడదు. మాటకి పెట్టే ఊపిరి భుజానికి పెట్టుకోవాలి.

మా బావమరిది ఈ పని మానేసి, హాయిగా కుర్చీలో కూర్చునే కాపలా ఉద్యోగం చూసుకున్నాక పైన పట్టేది మా ఆవిడే. ఇంట్లో ఎలాగూ ఆవిడదే మాట, నాదే మోత. కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది.

ఆ రోజు మా అమ్మాయి పరీక్ష ఫలితాలు వచ్చే రోజు. పని మానేద్దామని నేనన్నాను. ఇంట్లో కూర్చుని దాని ముఖంలోకి చూస్తుంటే దానికి ఊపిరాడదు, పద, అంది మా ఆవిడ. అదీ నిజమే.

మా అమ్మాయిని చిలక అంటాం. పుట్టగానే మా అమ్మ పెట్టిన ముద్దుపేరు అది. పాపం, ఆవిడకేం తెలుసు, ఈ పిల్లకి మాట గొంతులోనే చిక్కుకుపోతుందని. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. పెదాలు వణుకుతాయి, మెడనరం ఉబ్బుతుంది, మాట పెగలదు. వీధిలో పిల్లలు ఆ పేరు పట్టుకుని ఎంత ఏడిపించారో చెప్తే ఇప్పటికీ నా చేతులు ఊరుకోవు. చదువులో మాత్రం దానికి వంక పెట్టలేం. రాతపరీక్ష ఏదైనా నీళ్ళు తాగినంత సులువుగా రాసేస్తుంది. దాని పీకల మీదికి వచ్చేది నోటి పరీక్షే. నలుగురు ఎదురుగా కూర్చుని ప్రశ్నలడుగుతారు, నోటితోనే జవాబు చెప్పాలి. కిందటేడు వాళ్ళు దాని మాట బయటికొచ్చేదాకా ఆగలేదు. తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు, దాన్ని ఫెయిల్ చేశారు. ఈసారి ఆ పరీక్ష వద్దు, మినహాయింపు రాసిస్తాం అని స్కూలువాళ్ళే అన్నారు. చిలక ఒప్పుకోలేదు. అందరికీ పెట్టేదే తనకీ పెట్టమంది. ఈసారి కూడా తప్పితే ఇక తమ స్కూల్లో చోటు లేదని వాళ్ళూ చెప్పేశారు.

ఆ పొద్దున చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది. "నాన్నా, ఈసారి కూడా పోతే నే... నేనింక..." అని ఆగిపోయింది. మామూలుగా అయితే దాని వాక్యం నేను అందుకుని పూర్తి చేసేస్తాను. ఆపుకోలేను, అది నా జబ్బు. ఆ వాక్యం పూర్తి చేయడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. అది తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఫోను అంటే దానికి పులి. ఎదుట మనిషి ఉంటే చేతులతోనో కళ్ళతోనో ఏదో చెప్పుకుంటుంది, ఫోనులో ఆ దారి లేదు. మా చేతులు చూస్తే పొద్దస్తమానం ఎవరి సామాన్ల కిందో ఉంటాయి. అందుకని మా ఇంట్లో మాటలన్నీ మిస్డ్ కాల్ మీదే నడుస్తాయి. ఒకసారి మోగి ఆగితే ఇల్లు చేరాను అని. రెండుసార్లు మోగి ఆగితే వచ్చి తీసుకెళ్ళు అని. ఆ రోజుకి ప్రత్యేకంగా అనుకున్నాం: పాసైతే ఒకటి, తప్పితే రెండు. ఇక దాని నంబరు నుంచి ఫోను ఆగకుండా పూర్తిగా మోగింది మా బతుకులో ఒక్కసారే. స్కూల్లో కళ్ళు తిరిగి పడిపోతే, దాని ఫోను తీసి టీచరు చేసింది. అంటే పూర్తిగా మోగిందంటే ఆ చేసేది మా పిల్ల కాదు.

ఆ రోజు మోయాల్సింది పాతకాలపు ఇనప బీరువా, తలుపుకి నిలువెత్తు అద్దం. మూడో అంతస్తు. మెట్లు ఎంత ఇరుకంటే బీరువాకీ గోడకీ మధ్య నా వేళ్ళు పట్టడమే కష్టం. బీరువా తెప్పించుకున్న ఇంటావిడ పైన గుమ్మంలో నిలబడి, గోడకి కొత్తగా రంగు వేయించామని గుర్తు చేస్తూనే ఉంది. చివరి మలుపు తిరిగాం. ఇక అక్కణ్ణుంచి పైదాకా ఆగే చోటు లేదు. మధ్యలో దించితే జారుతుంది, జారితే కింద ఉన్నది నేను.

అప్పుడు మోగింది. నా చొక్కా జేబులో, గుండెకీ బీరువాకీ మధ్య. మా ఆవిడ ఫోను వ్యానులో ఛార్జింగులో ఉంది. కాబట్టి ఏ కబురైనా నాకే రావాలి. చిలక నంబరుకి విడిగా పెట్టుకున్న గంటే అది.

ఒకసారి మోగింది. ఆగు తల్లీ, ఇక్కడే ఆగిపో, అనుకున్నాను. రెండోసారి మోగింది. సరే, పోతే పోయింది, ఇంకో స్కూల్లో మళ్ళీ రాద్దువుగాని, ఆగిపో అనుకున్నాను. మూడోసారి మోగింది. నాలుగోసారి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫలితాల మర్నాడు పేపర్లో పిల్లల ఫొటోలు వేస్తారు చూడండి, ర్యాంకులు వచ్చినవాళ్ళవి కాదు, రెండో రకం. అవే కళ్ళముందు తిరిగాయి.

"మెట్టు" అంది పైనుంచి మా ఆవిడ. ఎక్కాను. ఫోను ఆగింది. ఊపిరి పీల్చుకునేలోపే మళ్ళీ మొదలైంది.

కట్టుబాటు తప్పాను. బీరువా కింద నుంచి నోరెత్తాను. "పూర్తిగా మోగుతోందే" అన్నాను.

ఆవిడకి అర్థమైంది. అర్థమైందని నాకెలా తెలిసిందంటే, మాట ఆగిపోయింది. మెట్టు అనలేదు, పద అనలేదు. ఇన్నేళ్ళలో పనిలో ఆవిడ నోరు మూతపడటం అదే మొదలు. నాకేమో కళ్ళు లేవు, ఆవిడకి మాట లేదు. బరువంతా నా మీదికి ఒరిగింది. పాదం తడుముతూ ఉంది కానీ మెట్టు అంచు దొరకడం లేదు. భుజం మీద పట్టీ జారింది. బీరువా ఒక్క జానెడు కిందికి దిగి నా పక్కటెముకల్ని నొక్కింది, అద్దం గలగలమంది. పైన ఇంటావిడ అయ్యో గోడ అంది. ఆ క్షణంలో ఆవిడ గోడని ఏమనుకున్నానో ఇక్కడ రాయకూడదు.

"చెప్పవే" అన్నాను. "నువ్వు చెప్తేనే పైకి వెళ్తాం. పైకి వెళ్తేనే ఫోను తీస్తాం."

"మెట్టు" అంది. ఆ గొంతు మా ఆవిడది కాదు. "ఇంకో మెట్టు. ఎడమ కాలు. నీ కాళ్ళు పట్టుకుంటానయ్యా, పడకు."

ఎలా ఎక్కానో నాకే తెలియదు. పైన బీరువా నేలకి తగలగానే మా ఆవిడ దాన్ని చుట్టుకుని వచ్చి నా జేబులో చెయ్యి పెట్టింది. ఫోను మళ్ళీ మోగుతోంది. ఎటు నొక్కాలో తెలియక, స్పీకరు నొక్కేసింది.

అవతల ఎవరూ మాట్లాడలేదు.

ఊపిరి వినపడింది. ఆగి, తెగి, మళ్ళీ అందుకునే ఊపిరి. పదహారేళ్ళుగా వింటున్నాను, ఆ ఊపిరి నాకు తెలియదా? మా చిలకే. బతికే ఉంది. నేను అక్కడే బీరువాకి ఆనుకుని కూలబడ్డాను.

"నా... నా..." అంది.

నాన్నా అనబోతోంది. ఆ మాట నా నాలుక చివరే ఉంది, అందించడానికి. మా ఆవిడ నా నోటి మీద చెయ్యి వేసింది. మట్టీ చెమటా నిండిన చెయ్యి. గట్టిగా నొక్కి పట్టింది.

"నాన్నా" అంది చిలక. ఆగింది. "నే... నేను... పా..."

ఇంతకంటే బరువైనది నేనెప్పుడూ మోయలేదు. ఆ 'పా' తర్వాత ఏముందో మాకు తెలుసు, కింద వ్యానులో నిద్రపోతున్న డ్రైవరుకైనా తెలుస్తుంది. అయినా ఇద్దరం నోరు మెదపలేదు. ఇంటావిడ ఏదో అడగబోతే మా ఆవిడ చూసిన చూపుకి ఆవిడ కూడా ఊరుకుంది.

"పాసయ్యాను" అంది. "నో... నోటి పరీక్షలో కూడా. ఈసారి వాళ్ళు ఆ... ఆగారు. అన్నీ చెప్పాను."

మా ఆవిడ నా నోటి మీది చెయ్యి తీసి తన నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఫోను వైపు వంగాను. "మరి ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే సరిపోయేదిగా తల్లీ. మా ప్రాణాలు తీశావు."

చాలాసేపు ఏమీ రాలేదు. ఆ చాలాసేపూ మేము ఆగాం.

"నే... నేనే చె... చెప్పాలనుకున్నా నాన్నా" అంది, నవ్వుతూ.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. దాచుకోలేదు, ఎందుకు దాచుకోవాలి? నా కూతురంటే నాకు గర్వం, ఆ అంతస్తు మొత్తానికీ వినపడేలా ఏడ్చాను. మా ఆవిడ ఫోనుని చెంపకి ఆనించుకుని నేల మీద కూర్చుండిపోయింది.

ఇంటావిడ కాసేపు మమ్మల్నీ, కాసేపు అద్దాన్నీ చూసింది. గోడ సంగతి మరిచిపోయి మెల్లగా దగ్గరికొచ్చింది. "ఏమైందమ్మా? ఎవరికైనా ఏదైనా అయిందా?"

"లేదమ్మా" అంది మా ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ. "మా అమ్మాయి ఫోను చేసింది."