మెడ వెనక మచ్చ

గీతల బాబాయిని చూస్తే సూర్యుడే మబ్బు చాటుకి తప్పుకునేవాడు. రోడ్ల మీద తెల్లగీతలు వేస్తూ ముప్పై ఏళ్ళు ఎండని నెత్తిన మోసిన మనిషి. ఒక్కనాడూ టోపీ పెట్టలేదు, ఒంటి మీద ఒక్క బొబ్బ లేవలేదు.

సరే, కాస్త ఎక్కువైంది. బొబ్బలు లేచాయి. సూర్యుడూ ఎక్కడికీ తప్పుకోలేదు. మెడకి తువ్వాలు చుట్టుకుంటే గాలికి దాని కొస తడి రంగులో పడి గీత పాడయ్యేది. మేస్త్రీ నోరు ఊరుకునేది కాదు. అందుకని వంచిన మెడని ఎండకే వదిలేశాడు.

నెలకోసారి వచ్చే ఉచిత వైద్యం వ్యానులో నర్సమ్మ ఆ మెడ చూసింది.

"పోయిన నెల ఇచ్చిన క్రీము రాస్తున్నావా బాబాయ్?"

"రోజూనమ్మా. పని నుంచి రాగానే స్నానం చేసి, మంటగా ఉన్నచోటల్లా పట్టిస్తా."

నర్సమ్మ నవ్వబోయి ఆగింది. "అది ఎండలోకి వెళ్ళేముందు రాసుకోవాలి."

"దెబ్బ తగలకముందే మందేంటమ్మా!"

"ఎండ తగలకుండా కాసేదే అది. సర్లే, మెడ వెనక కందిగింజంత మచ్చుంది. వారం వారం ఎవరిచేతైనా చూపించుకో. ఏమాత్రం పెరిగినా పెద్దాసుపత్రికి పరిగెత్తు. ముందే వెళ్తే కోసి తీసేస్తారు, ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుంది. ఇంట్లో ఎవరున్నారు?"

"లేకేం, అందరూ ఉన్నారు."

ఇంట్లో ఉన్నవి ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక చేతి అద్దం. ఎంత మెలికలు తిరిగినా అద్దంలో చెవే కనిపించింది. భార్య ఉన్నన్నాళ్ళూ వీపు రుద్దుతూ ప్రతి గీరుకీ లెక్క అడిగేది. ఆమె పోయిన నాలుగేళ్ళలో తన వీపెలా ఉందో చెప్పినవాళ్ళే లేరు.

ఆదివారం సెలూన్‌కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం కొయ్యమంటావు బాబాయ్? పోయినసారి కోసిందే ఇంకా మొలవలేదు," అన్నాడు సెలూనతను, బాబాయి బట్టతల నిమురుతూ.

"కొయ్యొద్దు. మెడ మీద మచ్చ పెరుగుతోందేమో చూసి పెట్టవయ్యా."

సెలూనతను వెనక ఇంకో అద్దం పట్టాడు. రెండద్దాల మధ్య తన మెడే ఎవరో పరాయివాడి మెడలా ఉంది. అలా మూడు ఆదివారాలు వెళ్ళాడు. మూడోసారి సెలూనతను జోకు వెయ్యలేదు.

"బాబాయ్, ఇది శనగగింజంతైంది."

"నీ కళ్ళజోడు మార్చుకో."

"నవ్వకు. రేపే వెళ్ళు."

మర్నాడు సెలూనతను షాపు మూసి, బాబాయిని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాడు. దారి పొడవునా బట్టతల మీద జోకులే. మచ్చ కోసి తీశారు. ముందే వచ్చావు, ఇక భయం లేదన్నాడు డాక్టరు.

ఇందులో షాపు మూసి తోడు వెళ్ళాడన్నది మాత్రం నేను కల్పించింది. బాబాయి ఒక్కడే వెళ్ళాడు. మెడకి కట్టుతో బస్సులో నిలబడి ఒక్కడే తిరిగొచ్చాడు.