ముక్కు పోయిన వంటవాడు

యలమందయ్య కూర రుచి చూడడు. ప్రత్తిపాడు చుట్టుపక్కల పెళ్లివంటల్లో చెయ్యి తిరిగినవాడు. నైవేద్యం పెట్టకముందే నోట్లో వేసుకుంటే వంటంతా ఎంగిలేనని వంటమేస్త్రీ దగ్గర నేర్చుకున్నాడు. ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, ఉప్పు చాలిందో లేదో చెప్పేస్తాడు. ఉప్పుకు వాసనేమిటండీ అంటారా? ఆయన్నే అడగండి! తాడేపల్లిలో కృష్ణ ఒడ్డున అంత ఖరీదైన రెస్టారెంటుకు చెఫ్ అయ్యాక కూడా ఆ పట్టు వదల్లేదు, తన కింద వాళ్లనీ రుచి చూడనివ్వలేదు. ఆ మొండితనం చూడ్డానికే జనం ఎగబడి వచ్చేవాళ్లు.

ఇప్పుడా జనం కొత్త హోటళ్ల పాలయ్యారు. తుళ్లూరులో హోటల్ కడుతున్న జయరావు ఇవాళ భోజనానికొచ్చాడు. వంట నచ్చితే రెస్టారెంటును అందులోకి తీసుకుంటాడు. లేకపోతే మూసెయ్యడమేనని యజమాని హారిక చెప్పేసింది. పైగా వంట ఆయన కళ్లెదుటే చెయ్యాలట.

మొన్నటి జ్వరంతో యలమందయ్య ముక్కు పనిచెయ్యడం మానేసింది. పాపం, ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే ఇంకేం పరువు? అలవాటైన చెయ్యేగదా అని నెట్టుకొస్తున్నాడు.

గోంగూర మాంసం కుతకుతలాడుతోంది. గుప్పిట్లోకి ఉప్పు తీసుకున్నాడు. అంతలో అనుమానమొచ్చింది. ఇందాక జయరావు పలకరించినప్పుడు వేశాడా, వెయ్యలేదా? వంగి ఆవిరి పీల్చాడు. ఏమీ లేదు. వేడి తప్ప ఏమీ లేదు. వేస్తే ఉప్పుకషాయం, మానేస్తే చప్పిడి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏం చెఫ్ గారూ, ఆగిపోయారు?" అన్నాడు జయరావు.

హారిక ముఖం పాలిపోయింది. చివరికి యలమందయ్య పక్క పొయ్యి దగ్గరున్న సహాయకురాలిని పిలిచాడు.

"షాజాదీ, ఇటు రామ్మా. రుచి చూడు."

"నేనా బాబాయ్?"

"నువ్వే. నా ముక్కు పోయింది." ఆ మాట అందరికీ వినపడేట్టే అన్నాడు.

షాజాదీ గరిటెతో కాస్త అరచేతిలో పోసుకుని నాకింది. "ఉప్పు పళ్లేదు బాబాయ్."

గుప్పిట విప్పాడు. ఆమె మళ్లీ చూసి, ఇంకొంచెం తనే వేసింది.

జయరావు ఆవురావురుమంటూ తిన్నాడు. హారిక ఊపిరి పీల్చుకుంది. యలమందయ్య మాత్రం షాజాదీని పక్కకు పిలిచాడు.

"ఇన్నాళ్లూ ఒక్కరూ వంక పెట్టలేదే? ఇయ్యాలే ఎందుకు తప్పిందంటావ్?"

ఆమె తల వంచుకుంది. "జొరం తగ్గి మీరొచ్చిన రోజే పప్పులో ఉప్పు లేదు బాబాయ్. అప్పట్నుంచీ మీరు అటు తిరగంగానే నేను చూసి సరిచేస్తన్నా. ఇయ్యాల వీళ్లంతా ఎదురుగా ఉంటే చెయ్యి రాలా."

యలమందయ్యకు ముందు కోపమొచ్చింది. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. కళ్లు తుడుచుకున్నాడు.

"చెఫ్ గారూ, మరి తుళ్లూరు ఎప్పుడొస్తున్నారు?" చెయ్యి కడుక్కుంటూ జయరావు కేకేశాడు.

"నన్ను కాదండీ," అన్నాడు యలమందయ్య, "షాజాదీని అడగండి."