గొంతున్నంతసేపూ రోగం లేదట

మా బావ కాటమయ్య, అంటే నా పెనిమిటికి అన్న, వాదనకు కూర్చుంటే గెలిచినవాళ్లు కట్టంగూరులో లేరు. ఒకప్పుడు నేను గెలిచేదాన్ని. ఇప్పుడు నాలుగు మాటలు కాగానే నా గొంతు ముక్కులోకి పోతోంది, దవడ వాలిపోతోంది. పొద్దున లేచినప్పుడు ఏమీ ఉండదు. పొద్దెక్కేకొద్దీ రెప్పలు దిగుతాయి. రాత్రి బువ్వ నమలలేక సగంలో వదిలేస్తాను. పొద్దున నాటు వేసిన చేతులు మధ్యాహ్నానికి లేవకపోతే పనిదొంగ అన్నారు. ఎవరికని చెప్పుకోను?

పట్నం దవాఖాన డాక్టరమ్మ మాత్రం నన్ను నమ్మింది. గోళీ ఇచ్చింది. కాసేపటికి రెప్పలు లేచాయి, గొంతు తిరిగొచ్చింది. ఆ సంబరం తీరకముందే అసలు సంగతి చెప్పింది.

"బిక్షమ్మా, నీ రొమ్ము బొక్క, గీ ఎముక వెనక, థైమస్ అని ఒక గ్రంథి ఉన్నది. పసితనంల పెద్దగుంటది, వయసొచ్చినంక ఎండిపోవాలె. నీది ఎండకపోగా ఉబ్బింది. నరం చెప్పే మాట కండకు అందకుంట చేసేది అదేనని మా అనుమానం. తీసేస్తే చానమందికి నయమైతున్నది. అందరికీ అయితదని మాటియ్యలేను. గోళీ బలం కొంచెంసేపే. ఊపిరి తీసే కండ కూడ అలిసిపోయిందంటే కష్టం."

కష్టమంటే ఏమిటో నాకు అర్థమైంది. నాకు బతకాలని ఉంది. కానీ ఆపరేషనుకు పెనిమిటి వేలిముద్ర కావాలట. మా చెన్నయ్యేమో అన్నను అడగకుండా గొంగడి కూడా కొనడు.

బావ వినీ వినగానే లేచాడు. "కన్ను వాలితే రొమ్ము కోస్తరా? రేపు కాలు నొస్తే తలకాయ కోస్తరు!"

నేను గోళీ మింగి, గొంతు వచ్చాక కూర్చుని గ్రంథి సంగతీ ఊపిరి సంగతీ పొల్లు పోకుండా చెప్పాను. ఆయన అంతా విని తమ్ముడి వైపు తిరిగాడు.

"ఇన్నవారా? గంట లెక్క మోగుతాంది. గీమెకేం రోగంరా? గోళీలు మింగుకుంట ఉండమను."

నెత్తి బాదుకోవాలనిపించింది. మాట్లాడగలిగితే రోగం లేదు. రోగం ఉన్నప్పుడు మాట రాదు. ఈ మనిషికి ఎట్లా చెప్పి చావాలి?

మరునాడు గోళీ మింగలేదు. పొద్దుగూకి బావ ఇంటికి రాగానే ఎదురుగా కూర్చున్నాను.

"బావా, ఇయ్యాల గోళీ వేసుకోలే. నా మాట అయ్యేదాక లేవకు. రొమ్ము బొక్క వెనక..."

గొంతు ముక్కులోకి పోయింది. గ్రంథి అనబోతే దవడ వాలింది. అరచేత్తో గడ్డం పట్టుకుని పైకి నెట్టాను. చొంగ కారి చేతి మీద పడింది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా కదల్లేదు. బావ నేల చూపులు చూశాడు.

"జర పండుకో పో. రేపు మాట్లాడుదాం."

రేపట! నోటినిండా తిట్లున్నాయి, ఒక్కటీ బయటికి రాదు.

అప్పుడు మూలన కూర్చున్న చెన్నయ్య లేచాడు.

"అన్నా, అది చెప్పేది నేను చెప్త. రొమ్ము బొక్క వెనక గ్రంథి ఉబ్బింది. గోళీ బలం కొంచెంసేపే. ఊపిరాగకముందే దాన్ని తీపియ్యాలె. నయమైతదో లేదో డాక్టరమ్మ మాటియ్యలే. అయినా రేపు పట్నం పోయి వేలిముద్ర వేస్తున్న."

"నన్నడగకుంటనే?"

"అడుగుతలేనే. చెప్తున్న."

నా పెనిమిటి నా మాట ఒక్కటీ చెవిన పెట్టడనుకున్నాను. అన్నీ విన్నాడు. విని, ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు! ముందే నోరు తెరవడానికి నీకేం రోగమని కడుపారా తిడదామంటే, నాకు గొంతు లేదు.