మూలుగ నాది

సొమ్మొకడిది, సోకొకడిది. ఆ సామెత పుట్టించినవాడికి మా బావలాంటి బావ ఒకడు ఉండే ఉంటాడు.

అక్క మొగుడే మా ల్యాబ్‌కు పెద్ద. నరాన్ని అంటిపెట్టుకుని పోషించే కణాలను అక్కడ గిన్నెల్లో పెంచుతాం. ఒంటరిగా ఉంచితే అవి ముడుచుకుపోయేవి. పైన జల్లెడలాంటి సన్నని పొర అమర్చి, దాని మీద ఎముక మూలుగలోంచి తీసిన మూలకణాలను ఉంచి చూద్దామన్నది నేను. రెండూ తాకవు. పైవాటి ఊట కిందికి దిగుతుంది, అంతే. ముసలి రోగుల మూలుగతో లాభం లేకపోతే, తుంటి ఎముకలో సూది గుచ్చించుకుని నాది ఇచ్చాను. కింది కణాలు చేతులు చాచి నిండుగా ఎదిగాయి. ఆ రోజు బావ నన్ను తల్లీ అని పిలిచాడు.

వ్యాసం అచ్చయింది. ముందు బావ పేరు, వెనక ఆయన స్నేహితుల పేర్లు. నా పేరు ఎక్కడా లేదు.

"ఇంట్లో మనిషివి, మన మధ్య పేర్లేంటి మరదలా?" అన్నాడు నవ్వుతూ.

ఏరు దాటి తెప్ప తగలేసినవాడు కూడా అంత హాయిగా నవ్వడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నవ్వు ఆరిపోతే తప్ప అన్నం సయించదనిపించింది.

మూలుగ ఇచ్చినవాళ్లు ఎప్పుడు వద్దన్నా వాళ్ల కణాలను నాశనం చేసి తీరాలన్నది నియమం. ప్రతి దాతకూ చేయి పట్టుకుని మరీ ఆ మాట చెప్పేది బావే. నేనూ దాతనేనన్న సంగతి మాత్రం మరిచిపోయాడు.

కొత్త పరిశోధనశాలను బావ చేతిలో పెట్టాలా వద్దా అని తేల్చే పెద్దలు మా గిన్నెలు చూడటానికి వస్తున్నారు. వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే బావ గదికి వెళ్లాను.

"దాతగా వచ్చాను సార్. నా కణాలు ఇక్కడ ఉండటానికి వీల్లేదు."

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నీ కష్టం కూడా బూడిదలో పోసినట్టేగా?"

"పోనివ్వండి."

"ముందు పేరు నీదే వేయిస్తా. నా మాట విను."

నిన్న ఆ మాట అని ఉంటే కరిగిపోయేదాన్ని.

గడ్డకట్టించి దాచినవాటి మీదా, గిన్నెల్లోంచి పైకి తీసిన పొరల మీదవాటి మీదా బ్లీచింగ్ నీళ్లు నేనే పోశాను. బావ తలుపు దగ్గర నిలబడి చూశాడు. తృప్తిగా ఉంది. దాపరికమెందుకు, చాలా తృప్తిగా ఉంది.

పై పొర తీసేసిన చివరి గిన్నెను మైక్రోస్కోప్ కింద పెట్టాను. కింది కణాలకు ఇంకా తెలియదు. చేతులు చాచే ఉన్నాయి. రేపటికి ముడుచుకుంటాయి. వాటిని పెంచింది నేనే. వాటి మీద నాకు ఏ కక్షా లేదు.