ఆంప్లిఫయర్ లేని ఆదివారం

ఇంటర్ పాసైన క్రిస్టీ క్రిమినాలజీ చదువుతానన్నప్పుడు వాళ్ళ నాన్న డేవిడ్‌రాజు అభ్యంతరమేమీ చెప్పలేదు. ఆయన జగ్గయ్యపేటలో సోషల్ మాస్టారు. వాకబు చేసి, చెన్నైలో ఒక కాలేజీలో సీటు ఖాయం చేశాడు. అభ్యంతరాలన్నీ నందిగామ పక్కనున్న వాళ్ళ ఊరివాళ్ళకే.

“ఆడపిల్లకి దొంగల చదువేంటే?” అంది మేనత్త బేబి.

“దొంగల్ని పట్టుకోటానికి పోలీసులున్నారత్తా. నేను చదివేది, వాళ్ళసలు దొంగతనం ఎందుకు చేస్తారనేది.”

“ఎందుకేంటి, బుద్ధిలేక.”

బేబి వరకు ఆ సబ్జెక్టు అక్కడితో పూర్తయింది.

కాలేజీ ఇంకా తెరవకముందే, మే నెలలో, చర్చిలో ఆంప్లిఫయర్ పోయింది. తాళం పగల్లేదు. తాళంచెవి గుమ్మం పైన పెడతారని ఊరందరికీ తెలుసు కాబట్టి అనుమానం కూడా ఊరందరి మీదా సమానంగా పడింది. పోలీసు కంప్లయింటు ఇవ్వాల్సిందేనని అందరికంటే గట్టిగా అరిచినవాడు సంఘపెద్ద స్తెఫను. మైకులు రాకముందు చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే.

థామస్ పాస్టరు గారికి పోలీసులు రావడం ఇష్టం లేదు. ఆయన క్రిస్టీ వాళ్ళింటికొచ్చారు.

“నువ్వు కాస్త చూడమ్మా.”

“నేనింకా ఆ చదువు మొదలే పెట్టలేదండి.”

“మొదలుపెట్టాక మాకు దొరకవుగా.”

ఎవరు తీశారని అడిగితే ఎవరూ చెప్పరని క్రిస్టీకి తెలుసు. అందుకని ఇంటింటికీ వెళ్ళి, మొన్న ఆదివారం మైకు లేకుండా ప్రార్థన ఎలా జరిగిందని మాత్రం అడిగింది. కీబోర్డు వాయించే కుర్రాళ్ళు తమ వాయిద్యం ఎవరికీ వినబడలేదన్నారు. చర్చి ఎదురింట్లో ఉండే బేబి, మనవడు హాయిగా నిద్రపోయాడంది. వెనక వరసలో కూర్చునేవాళ్ళు, ప్రసంగం వినబడలేదనీ, అయినా బాగుందనీ అన్నారు.

స్తెఫను పెరట్లో మిరపకాయలు ఏరుతున్నాడు.

“ఎలా జరిగింది తాతయ్యా?”

“ఎన్నాళ్ళకో నా గొంతు నాకు వినబడిందమ్మా” అన్నాడాయన. అని, తలెత్తి ఆమె వంక చూసి, మళ్ళీ కాయలు ఏరడం మొదలుపెట్టాడు. ఈసారి మంచివీ తాలువీ ఒకే కుప్పలో వేస్తున్నాడు.

క్రిస్టీ ఆయన పక్కన కూర్చుని కాసేపు తనూ ఏరింది.

“ఎక్కడుంది తాతయ్యా?”

“కొట్లో, మిరపకాయలు కుక్కిన టిక్కీల వెనక.” ఆయన గొంతు బాగా తగ్గింది. “అమ్ముకోవాలని కాదమ్మా. దేవుడి సాక్షిగా చెబుతున్నా. ఇదివరకు నేను ఎత్తుకుంటే సంఘమంతా అందుకునేది. ఇప్పుడు నోరు తెరుస్తున్నా, మూస్తున్నా. నేను పాడుతున్నానో లేదో నాకే తెలీట్లా.”

“మరి పోలీసులని అంత గొడవెందుకు చేశారు?”

“ఊరుకుంటే అనుమానం రాదూ?”

మర్నాడు తెల్లారేసరికి ఆంప్లిఫయర్ చర్చి గుమ్మంలో ఉంది. పాస్టరు గారు దాన్ని ఎత్తి లోపల పెట్టి, ఆగకుండా తుమ్మారు. ప్రతి ఇంట్లోనూ మిరపకాయలున్న ఊరు కాబట్టి అది సాక్ష్యం కింద రాదు.

“ఎవరమ్మా?” అని అడిగారు ముక్కు తుడుచుకుంటూ.

“ఎవరని అడక్కండి. ఎందుకో అయితే చెబుతా. మైకు పెట్టాక ఎవరి పాట వాళ్ళకి వినబడట్లేదంట.”

పాస్టరు గారు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. “నాకెప్పుడూ అలా అనిపించలా” అన్నారు. “నా చేతిలో మైకుంటదిగా.”

ఇకనుంచి మొదటి పాట మైకు లేకుండా పాడదామని ఆ ఆదివారం ఆయనే ప్రకటించారు. కారణం చెప్పలేదు. స్తెఫను లేచి నిలబడి ఎత్తుకున్నాడు. రెండో చరణంలో రాగం జారింది. మూడో చరణంలో ఇంకేదో పాటలోకి వెళ్ళి తిరిగొచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళు అందుకున్నారు, వెనక వరసలూ అందుకున్నాయి. బేబి కళ్ళు మూసుకుని పాడింది. కీబోర్డు కుర్రాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడైపోతుందా అని చూశారు. పాట చాలాసేపు సాగింది.

అయిపోయాక స్తెఫను కూర్చుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు. కుర్రాళ్ళు లేచి ఆంప్లిఫయర్ ఆన్ చేశారు. ఆయన జేబులోంచి దూది తీసి రెండు చెవుల్లోనూ పెట్టుకుని, పాస్టరు గారి వైపు భక్తిగా చూస్తూ కూర్చున్నాడు.