మూడో ప్రశ్న

నరసన్నపేటలో నగరేశ్వరరావు స్టీలు సామాన్ల కొట్టు పైన ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. 2017లో ఉండేది. కొట్టూ అతనిదే, ఆఫీసూ అతనిదే. నలుగురు మనుషులు, నాలుగు కంప్యూటర్లు, వానొస్తే కారే ఒక మూల. వాళ్లలో ముగ్గురిని ఒక్క తాటి మీద నడిపించి పని వేళకి పూర్తిచేయించడం నాలుగోవాడైన శాంతికుమార్ బాధ్యత. హైదరాబాదులో ఆరేళ్లు చేసి, పనిని చిన్న ముక్కలు చేసి రోజూ సరిచూసుకునే ఎజైల్ పద్ధతిలో కాస్తో కూస్తో పేరు తెచ్చుకుని వచ్చినవాడు.

రోజూ తొమ్మిదిన్నరకి అందరూ గోడ ముందు నిలబడాలి. గోడ మీద మూడు వరసలు: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో పసుపు చీటీ, దాని మీద చేసేవాళ్ల పేరు. నిన్న ఏం చేశావు, ఈ రోజు ఏం చేస్తావు, నీకేమైనా అడ్డం ఉందా అని మూడు ప్రశ్నలు. మూడోదే అసలుది. ఫలానా చోట ఆగిపోయానని ఒకరు నోరు విప్పితే మిగతావాళ్లు చెయ్యి వేస్తారు, ఈ నిలబడటమంతా అందుకే. శాంతికుమార్‌కి అది తెలియక కాదు. తెలిసి కూడా చెడగొట్టుకున్నాడు.

ఏం చేశాడంటే, అడ్డం ఉన్న చీటీ మీద ఎర్ర గుర్తు పెడితే అందరి కంటా పడుతుంది కదా అని, పక్క ఫ్యాన్సీ షాపులో ఒక అట్ట బొట్టుబిళ్లలు కొనుక్కొచ్చాడు. వాళ్లది బాప్టిస్టు కుటుంబం, ఇంట్లో బొట్టు పెట్టుకునే మనిషే లేదు. నీకెందుకు బాబూ ఇవి అని షాపతను నవ్వాడు. ఆలోచన మంచిదే. కానీ సాయంత్రం కొట్టు కట్టేసి పైకొచ్చిన నగరేశ్వరరావు ఆ బొట్లు చూసి, "ఈ పిల్ల సీటీల మీద రెండున్నాయేటి? పని రాదా?" అని టీములో చిన్నదైన గౌరిని అందరి ముందూ అడిగేశాడు. మర్నాటి నుంచి ఎవరికీ ఏ అడ్డమూ లేదు. గోడ కడిగిన పళ్లెంలా ఉండేది. అది చూసి శాంతికుమార్ మురిసిపోయాడు.

కూర్మయ్య వాళ్లందరిలోకీ పెద్దవాడు, నలభై దాటినవాడు. పలాస అవతల నుంచి బస్సులో వచ్చేవాడు. మిగతా ఇద్దరూ, గౌరీ ప్రమోదూ, అతన్ని మావా అని పిలిచేవారు. శ్రీకాకుళంలో ఓ డయాలసిస్ కేంద్రానికి వాళ్లు యాప్ చేస్తున్నారు. ఎవరి వంతు ఎప్పుడో రోగికి ముందురోజే గుర్తుచేసే మెసేజ్ కూర్మయ్య పని. సోమవారం, గురువారం మాత్రం అతను పదకొండు దాటితే గానీ వచ్చేవాడు కాదు.

ఒక సోమవారం శాంతికుమార్ అతన్ని గోడ దగ్గర నిలబెట్టాడు.

"ఏటి కూర్మయ్య గారూ, మళ్లీ ఆలస్యం?"

"బస్సు ఆలిస్యమైపోనాది బాబూ."

"ముందు బస్సు ఎక్కండి. అందరూ ఉంటేనే కదా టీము. ఇరవయ్యో తారీకుకి ఇచ్చెయ్యాలి. మీకేటైనా అడ్డం ఉన్నాదా?"

అడుగుతూనే చేతి గడియారం చూసుకున్నాడు. కూర్మయ్య అతని చేతిలో ఉన్న బొట్టుబిళ్లల అట్ట వంక చూశాడు.

"నేదు బాబూ" అన్నాడు.

అప్పటికే అతని పాదాలు చెప్పుల్లో పట్టనంత వాచి ఉన్నాయి. చూడదలచుకుంటే ఎవరికైనా కనిపించేవే.

ఆ గురువారం నుంచి కూర్మయ్య తొమ్మిదిన్నరకల్లా గోడ ముందున్నాడు. టీము దారిన పడిందని శాంతికుమార్ ఇంటికెళ్లి తల్లికి చెప్పుకున్నాడు కూడా. వారానికి రెండుసార్లు పలాసలో రక్తం శుద్ధి చేయించుకుంటే తప్ప బతకని మనిషి కూర్మయ్య. వరసగా నాలుగుసార్లు మానేశాడు. యాప్ ఇరవయ్యో తారీకున పూర్తయింది. ఇరవై రెండున కూర్మయ్య పోయాడు. దహనానికి వెళ్లినప్పుడు గానీ ఆఫీసువాళ్లకి జబ్బు సంగతి తెలియలేదు.

మూడు వారాలకి, ఒక గురువారం, అతని భార్య గున్నమ్మ అతని ఫోను పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఈ మెసేజ్ మీరేనా బాబూ పంపతన్నది? ఆదివారం వస్తంది, బుదవారం వస్తంది. కూర్మయ్య గారూ, రేపు పొద్దున్న అయిదింటికి మీ డయాలసిస్, తప్పక రండి అంటంది. మా పాప సదివి సెప్పినాది. ఆ మనిసి నేడని దానికి సెప్పండి."

గౌరి తెరిచి చూసింది. మెసేజ్ వెళ్తోందో లేదో చూసుకోవడానికి కూర్మయ్య తన పేరూ, తన నంబరూ, తన వంతులే పెట్టుకున్నాడు. పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు ఒక్కసారి తల తిప్పితే చాలు, అంతా తెలిసేది.

"సార్‌కి సెప్పుకోవయ్యా అన్నాను" అంది గున్నమ్మ. "నా సీటీ మీద ఎర్రబొట్టు పెడతారే, పని పోతాదే అన్నాడు."

ఆమె నుదురు బోసిగా ఉంది. బల్ల మీదున్న అట్టను శాంతికుమార్ చప్పున జేబులో కుక్కుకున్నాడు. సిగ్గుతో అతనికి తల ఎత్తాలనిపించలేదు.

ఆమె వెళ్లాక 'కూర్మయ్య గారి పేరు తీసెయ్యాలి' అని చీటీ రాసి గోడకి అంటించాడు. ఆ పని గౌరి తీసుకుంది. నాలుగు నిమిషాల పని. శుక్రవారం దాటినా చీటీ 'అయిపోయినవి' వరసలోకి కదల్లేదు. తెల్లారితే ఆదివారం, మళ్లీ మెసేజ్ వెళ్తుంది.

శనివారం ముగ్గురే నిలబడ్డారు. అట్ట చెత్తబుట్టలో ఉంది. శాంతికుమార్ గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. మొదటి రెండు ప్రశ్నలూ అయ్యాయి. మూడోది అడిగి ఊరుకున్నాడు. కింద కొట్టులో బిందెలు దించుతున్న చప్పుడు. అది ఆగేదాకా కూడా అతను మాట్లాడలేదు.

"అడ్డం ఉన్నాది సార్" అంది గౌరి.

"ఏటమ్మా?"

"ఆ పేరు తియ్యడానికి సెయ్యి రావట్లేదు. తీసేస్తే మావ మరింక ఎక్కడా ఉండడు."

"నిన్న నేనూ కూర్చున్నాను సార్" అన్నాడు ప్రమోద్. "నా వల్లా కానేదు."

శాంతికుమార్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "అడిగినాను గానీ ఆగనేదు నేను" అన్నాడు. "ఒక్క నిమిషం ఆగుంటే సెప్పేవాడేమో."

ముగ్గురూ కూర్మయ్య కుర్చీ చుట్టూ చేరారు. గౌరి పేరు వెతికింది. ప్రమోద్ నంబరు సరిచూశాడు. నిజంగా తీసెయ్యాలా అని తెర మీద పడితే, మీట శాంతికుమార్ నొక్కాడు. ఎవరూ ఏదీ దాచుకోకుండా ఆ టీము కలిసి పూర్తిచేసిన మొదటి పని అదే.

ఆదివారం గున్నమ్మ దగ్గరున్న ఆ ఫోనుకి మెసేజ్ రాలేదు.